అమ్మకు రాని ఐదు భాషలు

ఎవరైనా నన్ను "మీకెన్ని భాషలొచ్చు?" అని అడిగితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అడిగినవాళ్ళ తప్పేమీ లేదు. నా పన్నెండో ఏట ఆ ప్రశ్నకు మా అమ్మ తరఫున నేను జవాబు రాశాను. ఆ జవాబు నా బడి మీదికే తెచ్చింది. అందుకని మంట.

మేం సముద్రం నడుమ దీవుల్లో, హోప్ టౌన్ ఒడ్డున ఉండేవాళ్ళం. అయ్యా అమ్మా పెళ్ళయిన కొత్తలో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చారు. అయ్య వేరేవాళ్ళ పడవ మీద వేటకు వెళ్ళేవాడు. ఆయన వంతుకొచ్చిన చేపల్ని అమ్మ బుట్టకెత్తుకుని, పొద్దున్నే ఫెర్రీలో హార్బరు దాటి, డైరీ ఫార్మ్ సందుల్లో ఇల్లిల్లూ తిరిగి అమ్మేది. నేను పుట్టింది ఇక్కడే. తెలుగు గడగడా మాట్లాడేదాన్ని గాని చదవడం రాదు, బడిలో అంతా హిందీయే. ఈ అక్షరాలన్నీ పెద్దయ్యాక కుస్తీ పట్టి నేర్చుకున్నవి. తప్పులుంటే నవ్వుకోండి, ఫరవాలేదు.

సెలవు రోజుల్లో అమ్మ వెంట వెళ్ళేదాన్ని. సాయం చేద్దామని కాదు, మాటలు వినడానికి. ఒకే సందులో ఆరిళ్ళుంటే ఆరు గుమ్మాల్లో అమ్మ గొంతు ఆరు రకాలుగా మారేది. మొదటి గుమ్మంలో బెంగాలీ ఆవిడ చేప మొప్ప ఎత్తి చూసి "పచా నా తో?" అని అనుమానపడితే, అమ్మ కుళ్ళిందేమీ కాదని ఆవిడ మాటలోనే దెబ్బలాడేది. మూడో ఇంట్లో ఆస్పత్రి నర్సు ఉండేది, కేరళ ఆవిడ. తలుపు తీయకుండానే కిటికీలోంచి "మత్తి ఉండో?" అనేది. మత్తి అంటే మన కవళ్ళ చేపలే. ఆ చివర రాంచీ నుంచి వచ్చిన కూలీల ఇళ్ళు, ఈ చివర అరవ టీచరమ్మ. అన్నిటికంటే వెనక, పెంకుటింట్లో బర్మా అవ్వ.

బర్మా అవ్వ నిజానికి మన తెలుగమ్మే. వాళ్ళ తాతల కాలంలోనే రంగూను వెళ్ళిపోయిన తెలుగువాళ్ళు. అక్కడ ఉండనివ్వని రోజులొచ్చి, కొడుకుతో కట్టుబట్టలతో ఓడెక్కి ఇక్కడ తేలింది. ఆవిడకి గోరంత కూడా లేని పచ్చి రొయ్యలు కావాలి. వాటిని ఉప్పేసి దంచి ఎండబెట్టి నప్పి అనే ముద్ద చేసేది. దాని వాసన సందు మొదట్లోకే వచ్చేది. నేను ముక్కు మూసుకుంటే అమ్మ చేతి మీద ఒక్కటిచ్చేది. అవ్వ అమ్మను చూడగానే "థమిన్ సా పీబీ లా?" అని పలకరించేది. అన్నం తిన్నావా అని అర్థం. వాళ్ళ దేశంలో బాగున్నావా అని అడగరట, అన్నం తిన్నావా అనే అడుగుతారట. అమ్మ కూడా అదే మాట తిరిగి అడిగేది. ఆ తర్వాత ఇద్దరూ తెలుగులో పడేవారు.

ఇదంతా చూసి నన్నో పురుగు తొలిచింది. ఏ భాష అన్నిటికంటే ఎక్కువమందికి ఇష్టం? గుమ్మాల్లో విన్న మాటలన్నీ రాసుకునే పాత నోటుబుక్కులోనే, వెనక పేజీల్లో గళ్ళు గీసుకుని ప్రతి గుమ్మంలోనూ అడగడం మొదలుపెట్టాను. జవాబులు చూస్తే మతిపోయింది. బెంగాలీ ఆవిడ హిందీ ఇష్టమంది, రేడియోలో పాటలన్నీ అందులోనే ఉన్నాయి కాబట్టి. నర్సు బెంగాలీ అంది, వాళ్ళు నోట్లో మిఠాయి పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంటుందట. రాంచీ అన్న ఒకాయన బాగా ఆలోచించి ఇంగ్లీషు అన్నాడు. వచ్చా భయ్యా నీకు అంటే, రాదు, అందులో నన్నింతవరకూ ఎవరూ తిట్టలేదు, అందుకే ఇష్టం అన్నాడు. మా అయ్యనడిగితే తెలుగేనన్నాడు, కోపం వచ్చినప్పుడు మిగతా భాషల్లో సరిపడా తిట్లు దొరకవట. బర్మా అవ్వ మాత్రం లోపలికి తొంగి చూసి, కొడుకు లేడని రూఢి చేసుకుని, బర్మా మాటే అంది. పౌరసత్వం కాగితాలు చేతికొచ్చాక ఇంట్లో ఆ మాట వినపడకూడదని కొడుకు గట్టిగా చెప్పాడట. చుట్టుపక్కలవాళ్ళు బర్మావాళ్ళనుకుంటారని అతని భయం. ఆ గడిలో రాయొద్దని అవ్వ నా చేత ఒట్టేయించుకుంది. రాయలేదు.

అమ్మ గడి ఒక్కటే ఖాళీగా ఉండిపోయింది. ఎన్నిసార్లడిగినా పనీ పాటా లేదేటే నీకు అని కసిరేది.

ఆ ఏడే అమ్మ మెడ పట్టేసింది. ఇరవై ఏళ్ళు తడి బుట్ట మోసిన మెడ. కుడి చెయ్యి తిమ్మిరెక్కి చేప కోస్తుంటే కత్తి జారిపోయేది. ఇంక తలమీద బరువు పెడితే చెయ్యి పడిపోతుందని డాక్టరు చెప్పాడు. అయ్య వేటకు పోవాలి, బుట్ట ఎవరో ఒకరు మోయాలి. ఇంట్లో మిగిలింది నేను. అమ్మ నా మొహం చూడకుండా, పరీక్షలయ్యేదాకా ఆగుదాంలే అంది. నాకు అర్థమైపోయింది.

అప్పుడు నర్సు ఓ కబురు చెప్పింది. ఆస్పత్రిలో ఆయా ఉద్యోగం ఖాళీ అయింది. సర్కారుది, పర్మనెంటు. దీవి నలుమూలల నుంచి రోగులొస్తారు, నలుగురితో మాట్లాడగలిగిన మనిషి కావాలట. అమ్మకు ఆ ఉద్యోగం వస్తే నేను బడిలో ఉంటాను, రాకపోతే బుట్ట కిందికి వస్తాను. అంతే లెక్క.

దరఖాస్తు నేనే నింపాను. పేరు, ఊరు, వయసు రాసి, తెలిసిన భాషలు అనే గడి దగ్గరికొచ్చేసరికి నాకు పూనకం వచ్చింది. తెలుగు, హిందీ, బెంగాలీ, తమిళం, మలయాళం, రాంచీవాళ్ళ మాట, బర్మీస్. ఏడు! గడి చాలక పక్కకు కూడా రాశాను. ఆ కాగితం పట్టుకెళ్ళినవాళ్ళలో ఏడు భాషలున్నవాళ్ళు ఇంకెవరుంటారు? ఏం రాశావే అని అమ్మ అడిగితే అన్నీ రాశానులే అన్నాను. చదివి వినిపించలేదు. అక్కడే నా బుద్ధి గడ్డి తింది.

ఇంటర్వ్యూ రోజు అమ్మ ఉన్నదాంట్లో మంచి చీర కట్టుకుని, రెండుసార్లు చేతులు సబ్బుతో తోముకుని, అయినా వాసన పోలేదేమోనని ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది. గది తలుపు తెరిచే ఉంది. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. లోపల ముగ్గురు. నడిమి సాబ్ కాగితం చూసి కళ్ళద్దాలు సర్దుకున్నాడు. ఒక్కో భాష పేరూ పైకి చదివి, ఇవన్నీ నీకు వచ్చా అని హిందీలో అడిగాడు. ఎగతాళిగా కాదు, సంబరంగానే అడిగాడు.

అమ్మ తలుపులోంచి నా వైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ వీపు మీద చురుక్కుమంటుంది.

"సాబ్, అది ఝూఠ్. చిన్నపిల్ల తెలియక రాసింది. నాకు తెలుగొచ్చు, హిందీ కొద్దిగా వచ్చు. ఆ మలయాళం అంటే ఏటో కూడా నాకు తెల్దు."

అమ్మ అబద్ధమాడలేదు. ఆ సంగతి బోధపడటానికే నాకు చాలా కాలం పట్టింది. అమ్మ దృష్టిలో భాష అంటే బడిలో బెత్తం పట్టుకుని చెప్పేది, పుస్తకంలో ఉండేది. రోజూ మాట్లాడేవాటికి అమ్మ దగ్గర వేరే పేర్లున్నాయి. నర్సమ్మింటి మాట, మూలింటి మాట, టీచరమ్మింటి మాట. గుమ్మాన్ని బట్టి మాట. వాటికి విడివిడిగా పేర్లున్నాయని, వాటిని వచ్చు అని కాగితం మీద రాసుకోవచ్చని ఇరవై ఏళ్ళలో ఎవరూ చెప్పలేదు. డైరీ ఫార్మ్‌లో అన్ని గుమ్మాలూ ఎక్కి దిగిన మనిషి మాత్రమే చేయగల పొరపాటు అది.

సాబ్ మంచివాడే. పోనీ బెంగాలీలో రెండు మాటలు చెప్పమ్మా అని, ఆయనే బెంగాలీలో ఏదో అడిగాడు. అమ్మ ఖాళీ చేతులు చూసుకుంది. రాదని హిందీలో "నై ఆతా సాబ్" అంది. సాబ్ ఐదు భాషల మీదా ఎర్ర సిరాతో గీత కొట్టాడు. ఆ గీత చప్పుడు బయటికి వినపడిందని నేను చాలాకాలం అందరికీ చెప్పాను. వినపడి ఉండదు.

ఉద్యోగం హడ్డోలో ఉండే ఇంకెవరికో వచ్చింది. తిరుగు ఫెర్రీలో నేను అమ్మతో మాట్లాడలేదు. అరికాలి మంట నెత్తికెక్కి ఉంది. రోజూ ఆ బెంగాలీ ఆవిడతో అంతంతసేపు దెబ్బలాడతావే, ఇవాళ నోరెందుకు పడిపోయిందని ఆఖరికి అడిగేశాను.

అమ్మ నీళ్ళకేసి చూస్తూ అంది. "చేపెంత, కుళ్ళిందా, పిల్లోడికి జొరం తగ్గిందా, ఇలగడిగితే సెప్పీదాన్ని. ఆ సాబ్ 'నీ గురించి సెప్పు' అన్నాడే. ఇన్నాళ్ళూ ఆ మాటలో నా గురించి ఎవులడిగారు? నాకెలగొస్తాది?"

ఆ మాట విన్నాక కూడా నా కోపం పోలేదు. పన్నెండేళ్ళ పిల్లకి కోపం పోవడానికి కారణాలు చాలవు. కానీ ఇంటికెళ్ళి నోటుబుక్కు తీసి, అమ్మ బెంగాలీలో తన గురించి ఒక్క మాటైనా అనడం నేను విన్నానా అని వెతుక్కున్నాను. ఒక్కటీ లేదు.

పరీక్షలు అయ్యాయి. బుట్ట నా తలకెక్కింది. అమ్మ పక్కనే మెడ పట్టుకుని ఖాళీ చేతులతో నడిచేది. నాకు పొగరు, నాలుగు భాషల మాటలు నోటుబుక్కులో ఉన్నాయి కదా అని. ప్రతి గుమ్మంలోనూ ఆ ఇంటి భాషలో వాక్యం తయారుచేసుకుని అప్పజెప్పేదాన్ని. అందరూ పొట్ట పట్టుకుని నవ్వేవారు. టీచరమ్మ అయితే నువ్వు పాఠం చదువుతున్నావా చేపలమ్ముతున్నావా అంది. చేపలు మాత్రం అమ్మ నోరు విప్పాకే కొనేవారు.

అప్పుడు నేను సరిగ్గా విన్నాను. అమ్మ అసలు వాళ్ళ భాషలు మాట్లాడటం లేదు! చేప పేరు వాళ్ళది, అతుకులు హిందీవి, ముగింపు తెలుగు. సగంసార్లు అమ్మ నేరుగా తెలుగులోనే అడిగేది, వాళ్ళు వాళ్ళ భాషలో చెప్పేవారు. ఇద్దరికీ పని జరిగిపోయేది. నేను ఇన్నాళ్ళూ రాసుకున్నదంతా నా బుర్రలో శుభ్రం చేసుకుని రాసుకున్నదే. మరి వీటిని వచ్చనాలా, రాదనాలా? ఎంత ఆలోచించినా తేలలేదు. ఇప్పటికీ తేలలేదు.

అలా ఓ వానాకాలం గడిచింది. మా తరగతి పిల్లలు ఫెర్రీలో ఎదురైతే నేను బుట్ట అటు తిప్పి మొహం దాచుకునేదాన్ని.

ఒక పొద్దున నర్సు కవళ్ళు కొనకుండా అమ్మనే పట్టుకుంది. ఇంజను చెడిపోయి కొట్టుకొచ్చిన పడవలోంచి ఒక బర్మా మనిషిని తెచ్చి వార్డులో చేర్చారట. జ్వరం తగ్గింది, కానీ మూడు రోజులుగా మెతుకు ముట్టడం లేదు. ఏం నొప్పో, ఏం కావాలో అడుగుదామంటే అతని మాట తెలిసినవాళ్ళు లేరు. నర్సు బర్మా అవ్వ ఇంటికి ముందే వెళ్ళి అడిగిందట. మా ఇంట్లో ఆ భాష ఎవరికీ రాదని కొడుకు గుమ్మంలోనే చెప్పి పంపేశాడు. అవ్వ అతని వెనకాలే నిలబడి ఉందట. "నీ కూతురు దరఖాస్తులో రాసిందిగా దీదీ, బర్మీస్ అని. ఒక్కసారి రా" అంది నర్సు.

అమ్మ నాకు రాదు మొర్రో అంది. నర్సు వదల్లేదు. సరే, రొయ్యలిచ్చేసి వస్తానని అమ్మ నన్ను వెంటబెట్టుకుని అవ్వ ఇంటికి నడిచింది. కొడుకు పనికి వెళ్ళిపోయాడు. అవ్వ అంతా విని లోపలికి వెళ్ళింది. నప్పి ముద్దను ఎండుమిర్చితో వేయించిన చప్పుడు వినపడింది, ఘాటుకి మేమిద్దరం దగ్గాం. దాన్ని ఆకులో కట్టి తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. అవ్వ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మిరపఘాటే అనుకున్నాను.

ఆస్పత్రికి నేనూ వెళ్ళాను, ఖాళీ బుట్టతో. వార్డు బయట పోలీసు ఒకడు కునికిపాట్లు పడుతున్నాడు. ఆ మనిషి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు, మా అయ్య వయసే. పక్కన పళ్ళెంలో అన్నం, పప్పు ఆరిపోయి ఉన్నాయి. అమ్మ మంచం పక్కన నేల మీద, రోజూ గుమ్మాల్లో కూర్చున్నట్టే గొంతుక్కూర్చుంది. నా తలమీది బుట్ట దించుకుని ఎదురుగా పెట్టుకుంది. దాంట్లో ఆకు పొట్లం విప్పింది. వాసన గుప్పుమంది. పక్క మంచాలవాళ్ళు ముక్కులు మూసుకున్నారు.

"థమిన్ సా పీబీ లా?" అంది అమ్మ.

అతను దిగ్గున ఇటు తిరిగాడు. అమ్మను చూశాడు, పొట్లాన్ని చూశాడు. లేచి కూర్చుని, ఆరిపోయిన ఆ అన్నంలోనే నప్పి కలుపుకుని తిన్నాడు. తింటూ మాట్లాడటం మొదలుపెట్టాడు. పళ్ళెం ఖాళీ అయింది, మాట ఆగలేదు. ఒకచోట చేత్తో ఏదో చిన్న ఎత్తు చూపించాడు, పిల్లదో పిల్లాడో. ఒకచోట ఏడ్చాడు. అమ్మ అతని మొహం మీంచి చూపు తిప్పకుండా ఊఁ కొడుతూ కూర్చుంది. నేను నోటుబుక్కు తీసి మాటలు రాసుకుందామనుకుని, సిగ్గేసి మళ్ళీ మూసేశాను. తలుపు దగ్గర నర్సు, ఆవిడ వెనక పెద్ద నర్సు నిలబడి చూస్తున్నారు.

బయటికొచ్చాక నేను ఉబ్బితబ్బిబ్బయిపోతున్నాను. ఏం చెప్పాడే అతను, ఎవరెవరున్నారట, పడవకేమైందట అని ఊపిరాడనివ్వకుండా అడిగాను.

"నాకేటి తెలుసు?" అంది అమ్మ. "ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు. నాకొచ్చిందల్లా ఆ ఒక్క మాట. అదడిగేసినాను. మరి అతగాడు మాటాడతంటే లేచొచ్చీడమెలగ?"

అంటే సాబ్ గీసిన ఎర్ర గీత సరైనదే. అమ్మ చెప్పిందీ నిజమే. ఏడు భాషలని రాసి అబద్ధమాడింది నేనొక్కదాన్నే. ఆ సంగతి తెలిసి నాకు ఎందుకో ఏడుపు రాలేదు, ఆకలేసింది.

అతన్ని పంపించేదాకా అమ్మ రోజూ వెళ్ళింది. రోజూ అదే ఒక్క మాట అడిగింది. అవ్వ రోజూ పొట్లం కట్టింది. నాలుగో రోజున కొడుకు ఇంట్లో ఉండగానే కట్టిందని అమ్మ చెప్పింది. అతను ఏమీ అనలేదట.

మళ్ళీ ఆయా ఖాళీ పడినప్పుడు పెద్ద నర్సే కబురు పెట్టింది. ఈసారి ఉద్యోగం వచ్చింది. నేను ఓ ఏడు పోగొట్టుకుని, నాకంటే చిన్న పిల్లల పక్కన అదే తరగతిలో మళ్ళీ కూర్చున్నాను. బుట్టను అమ్మ పారేయలేదు, ఇంట్లో ఉల్లిపాయలు పోసుకుంది.

ఆ రెండో దరఖాస్తు నింపిన పూట నాకు బాగా గుర్తు. గుమ్మంలో చాప మీద కూర్చున్నాం. భాషల గడి దగ్గర నేను బుద్ధిగా ఆగి, తెలుగు, హిందీ అని రాసి, పైకి చదివి వినిపించి, కలం మూత పెట్టేశాను. అమ్మ నా భుజం మీంచి వంగి, తను చదవలేని ఆ రెండు మాటల్నీ కాసేపు చూసింది. గడిలో ఇంకా ఖాళీ ఉంది.

"ఆ బర్మా అవ్వింటి మాట కూడా రాయి" అంది. "ఒక్క మాటే వచ్చని రాయి. ఝూఠ్ రాయకు."

అలాగే రాశాను. తెలుగు, హిందీ, బర్మీస్ ఒక్క మాట. నా నోటుబుక్కులో, ఇష్టమైన భాష ఏదని అడిగిన పేజీలో, అమ్మ గడి ఇంకా ఖాళీగానే ఉందని గుర్తొచ్చి, ఆ సాయంత్రం అందులోనూ అదే, బర్మీస్ ఒక్క మాట అని, రాసుకున్నాను.